మోర్డోర్ అనే పేరు వినగానే భయపడాలా?

ఆమధ్య బోధన్‌లో ఆరాధన ముగిశాక ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, మా పిల్లగాడు దయ్యాల పాటలు వింటుండు. జర ప్రార్థన చెయ్యుండ్రి" అంది. ఇంజినీరింగ్ చదివే ఆ అబ్బాయి పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు. ఏ పాట అని అడిగాను. లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లండ్ రాక్ బృందం 1969లో విడుదల చేసిన 'ర్యాంబుల్ ఆన్' అట. అందులో మోర్డోర్, గొల్లుమ్ అనే పేర్లు ఉన్నాయి. అవి సాతాను పేర్లని ఎవరో ఆమెకు చెప్పారు.

చాలా ఏళ్ల క్రితం నేనూ అలాంటి మాటే ప్రసంగపీఠం మీద నుంచి అన్నాను, నేను వినని పాట గురించి. సంఘంలో గిటార్ వాయించే యౌవనస్థుడొకడు ఆ వారం నుంచి గుడికి రావడం మానేశాడు. ఆ ఖాళీ ఇంకా నా కళ్ల ముందే ఉంది. అందుకే ఈసారి "నాకూ వినిపించు బిడ్డా" అన్నాను.

ఆ పేర్లు ఎక్కడివి? జె.ఆర్.ఆర్. టోల్కిన్ రాసి, 1954-55లో మూడు భాగాలుగా వెలువడిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవలలోవి. టోల్కిన్ ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు, కాథలిక్ విశ్వాసి. తన నవల మూలంలో మత సంబంధమైనదేనని 1953లో ఒక ఫాదర్ గారికి ఉత్తరం రాశారు. నవలలో మోర్డోర్ అంటే దుష్టుడైన సౌరాన్ ఏలే చీకటి దేశం. గొల్లుమ్ ఒక ఉంగరం కోసం సొంత మనిషిని చంపి, ఆ ఆశలోనే పాడైపోయినవాడు.

పాటలోని మనిషి మాత్రం మోర్డోర్‌లో ఒక అందమైన అమ్మాయి కనబడిందనీ, గొల్లుమ్ ఆమెను ఎత్తుకుపోయాడనీ చెబుతాడు. నవలలో అలాంటి ఘట్టమే లేదు. పాట రాసిన రాబర్ట్ ప్లాంట్ తన వెదుకులాటను చెప్పుకోవడానికి ఆ పేర్లు అరువు తెచ్చుకున్నాడు. బోధనే ఏకచక్రపురమనీ, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేననీ మన ప్రాంతంలో చెప్పుకుంటారు. ఎక్కువ తినేవాణ్ణి బకాసురుడంటే అది రాక్షస పూజ అవుతుందా?

పరిశుద్ధ గ్రంథం కూడా కల్పిత కథకు భయపడలేదు. యోతాము గెరిజీము కొండ మీద నిలబడి, చెట్లు తమకు రాజును వెదుక్కున్న కథ చెప్పాడు (న్యాయాధిపతులు 9). పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాటతోనే సువార్తకు దారి వేశాడు (అపొ. కా. 17:28). కవులను చదవకుండా అది సాధ్యమయ్యేదా?

అలాగని అన్నిటికీ తలుపులు తెరవమనడం లేదు. ఆ బృందంలోని గిటారిస్టు జిమ్మీ పేజ్‌కు క్షుద్రవిద్యల రచయిత అలైస్టర్ క్రౌలీ మీద ఆసక్తి ఉండేదన్నది అందరికీ తెలిసిందే. తల్లిదండ్రుల భయం ఊరకే పుట్టలేదు. కానీ ఒకరి ఆసక్తిని చూపించి, పాటలో లేని మాటను పాటకు అంటగడితే అది అబద్ధ సాక్ష్యమే. కాబట్టి పాట వినేటప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ పేరు ఏ కథలోది? ఆ కథలో అది మంచికి గుర్తా, చెడుకు గుర్తా? పాటలోని మనిషి దేనికోసం వెదుకుతున్నాడు? ఈ పాటలో అతను కలల రాణి కోసం తిరుగుతూనే ఉంటాడు, ఇల్లు చేరడు. మన పిల్లలతో మాట్లాడవలసింది ఆ తీరని వెదుకులాట గురించే.

"గొల్లుమ్ చివరికి ఏమైతడు?" అని ఆ అబ్బాయిని అడిగాను. ఉంగరం చేతికి చిక్కిన సంతోషంలోనే అగ్నిగుండంలో పడిపోతాడని చెప్పాడు. "మన ఆకాను గుర్తొస్తలేడా?" అన్నాను. అప్పుడు తల ఎత్తాడు. మెట్ల మీద కూర్చుని అరగంట మాట్లాడుకున్నాం. వాళ్లమ్మ కూడా కూర్చుని వింది.

సమస్తమును పరీక్షించి మేలైనదాన్ని పట్టుకోవాలని పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు (1 థెస్స. 5:21). చెరకు పండించే మనకు రసమేదో, పిప్పి ఏదో తెలుసు. కానీ గడ నోట పెట్టకుండా ఆ రెంటినీ ఎవరూ వేరు చేయలేరు.