రేడియో చెవి

నా చిన్నతనంలో ధర్మపురిలో మా డాబా మీద రెండు వెదురు గెడల నడుమ రాగి తీగ ఒకటి కట్టి వుండేది. వార్తలు గరగరమంటే మా బాపు రేడియోను ముట్టుకునేవారు కాదు. డాబా ఎక్కి తీగను సవరించేవారు. ‘‘రోగం పెట్టెలో లేదురా, చెవిలో వుంది’’ అనేవారు.

విమానం నడపడం నేర్చుకుంటున్న నా పూర్వ విద్యార్థి ఒకడు మొన్న సెలవులకు మా ఇంటికి వచ్చి చెప్పిన ముచ్చటతో ఆ మాట మళ్ళీ జ్ఞాపకం వచ్చింది.

ఒకనాడు ఆకాశంలో వుండగా విమానంలోని రేడియో మూగవోయిందట. సంచిలోని చేతి రేడియో తీసి, ఒడిలో పెట్టుకుని ఎంత పిలిచినా గరగరే తప్ప జవాబు లేదు. గుండె జారింది. పక్కనున్న శిక్షకుడు మాత్రం తొణకలేదు. ‘‘కిటికీ దగ్గర నిటారుగా పట్టుకో’’ అన్నాడు. పట్టుకున్నాడో లేదో, కంట్రోల్ టవరు గొంతు ఖంగుమని వినిపించింది!

ఇందులో మహిమ లేదు. విమానం ఒళ్ళు లోహం. తరంగాలు రావలసింది కిటికీలలోంచే. ఒడిలో పెట్టుకుంటే మన దేహం కూడా అడ్డమే.

విమానాల సంభాషణ 118 నుంచి 137 మెగాహెర్ట్జ్‌ల మధ్య నడుస్తుంది. ఆ అల పొడవులో నాలుగో వంతు, అంటే సుమారు 59 సెంటీమీటర్ల ఏరియల్ దానికి చక్కగా అమరుతుంది. రేడియోతో వచ్చే రబ్బరు తోక అంతకన్న చాలా పొట్టి. జేబుకు సుఖమే గాని, మాటకు నష్టం. పడవల రేడియో ఏరియల్ చూడడానికి ఇలాగే వున్నా, అది 156 మెగాహెర్ట్జ్‌ల ప్రాంతానికి కొలిచి చేసింది, దీనికి పొసగదు.

కొత్తవారు ఏరియల్‌ను తుపాకీలాగా విమానానికి గురిపెడతారు. పొరపాటు! కొన వైపు దానికి బలం వుండదు, బలమంతా చుట్టుపక్కలకే. కనుక నరసింహస్వామి గుడి ముందరి ధ్వజస్తంభంలా నిటారుగా నిలపాలి.

ఇక ఎత్తు. ఈ తరంగాలు గోదావరిలా వంపులు తిరగవు. నేల మీద నిలబడినవాని చేతిలోని రేడియోకు చూపు 5 కిలోమీటర్లే. 9 మీటర్ల గెడ మీద ఏరియల్ పెడితే 12. వెయ్యి మీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి 130! మా గోదావరి ఒడ్డు నుంచి పిలిస్తే 40 కిలోమీటర్ల అవతల బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్‌లో నిలబడ్డ మనిషికి అందదు. పైన పోయే విమానానికి మాత్రం ఇద్దరి పిలుపూ అందుతుంది. అయితే గెడ ఎక్కించాము గదా అని సన్నని కేబులును బారలు బారలుగా లాగితే, సగం మాటను అదే మింగేస్తుంది.

ప్రభుత్వ అనుమతి లేనిదే ఈ రేడియో వాడరాదన్న సంగతి కూడా మరువకూడదు.

మా డాబా మీది తీగ ఎప్పుడో పోయింది. గెడ ఒకటి మిగిలితే, దాని మీద మా ఆవిడ బట్టలు ఆరేస్తున్నది. ఆ కుర్రవాడు వెళ్తూ వెళ్తూ దానికి ఒక నమస్కారం పెట్టి వెళ్ళాడు.