లంకె క్రింది పటము

బంధువు లెవరైన వాట్సాప్‌లో ఒక లంకె పంపినపుడు దానితోపాటు చిన్న పటము, శీర్షిక, రెండు పంక్తుల వివరణ కనబడును. పుటను తెరువవలెనా, వలదా అని మనము నిర్ణయించుకొనునది వీటిని చూచియే. ఇవి సాధారణముగా పుటలో మనము చదువు వ్రాతనుండి పుట్టినవి కావు. పుట తలభాగమున యంత్రములు చదువుటకై ఉంచిన సమాచారమునుండి వచ్చినవి. 2010లో ఫేస్‌బుక్ ప్రవేశపెట్టిన 'ఓపెన్ గ్రాఫ్' పద్ధతి ఇందుకు ఆధారము.

కావున వెబ్‌సైటు తనిఖీ అనగా కంటికి కనబడు పుటలను చూచుట మాత్రమే కాదు. పుటపుటకును వేరు శీర్షిక ఉన్నదా? వివరణ ఆ పుటదేనా, లేక నూరు పుటలకును ఒకటే అతికించినారా? (ఈ జాడ్యము మిక్కిలి సామాన్యము.) పటము 1200 పిక్సెళ్ల వెడల్పు, 630 పిక్సెళ్ల ఎత్తు ఉండిన మేలు. 'కీవర్డ్స్' పట్టీకై శ్రమపడువారు ఇంకను కలరు. వెబ్ అన్వేషణలో స్థాననిర్ణయమునకు దానిని లెక్కింపమని గూగుల్ 2009లోనే ప్రకటించినది.

మే మన్నిటికంటె ముఖ్యమని తలచునది పేరు. ఒక ఆసుపత్రికి బోర్డుపై ఒక పేరు, శీర్షికలో మరొక పొట్టి పేరు, పటములో ఎన్నడో విడిచిన పాత చిహ్నము ఉండినచో, రోగి బంధువులు అసలును నకలును ఎట్లు వేరుపరచగలరు? మోసగాండ్రకు కావలసినది ఈ గజిబిజియే.

సవరించిన పిమ్మటను పాత పటమే కనబడిన కంగారుపడ నక్కరలేదు. ఫేస్‌బుక్ తాను ముందు చదివినదానిని దాచుకొనును. దాని 'షేరింగ్ డీబగ్గర్'లో చిరునామా నిచ్చి మరల చదివింపవచ్చును. వాట్సాప్‌లో ఇదివరకే చేరిన సందేశములలోని పటము మాత్రము మారదు.