తెరకు హద్దు.. ఆటకు పొద్దు

జూబ్లీహిల్స్: తెలుగు చిత్రసీమకు నెలవైన ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాల్లో చిన్నారులకు కెమెరా కొత్త కాదు. అయితే ఇప్పుడది స్టూడియో గేటు దాటి ప్రతి ఇంటి సెల్‌ఫోనులోకీ చేరింది. పిల్లల ముద్దుమాటలు, చిట్టి నాట్యాలు క్షణాల్లో లోకమంతా చుట్టివస్తున్నాయి. వాటిని చూసే కళ్లన్నీ మంచివేనన్న భరోసా మాత్రం లేదు.

2024 జులైలో జరిగిన ఉదంతమే ఇందుకు తార్కాణం. తండ్రీకూతుళ్లు కనిపించే ఒక వీడియోపై ఓ యూట్యూబర్ బృందం అసభ్య వ్యాఖ్యలు చేసింది. కథానాయకుడు సాయిధరమ్ తేజ్ దీనిని సామాజిక మాధ్యమం ద్వారా ప్రభుత్వం దృష్టికి తెచ్చారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు నమోదు చేసి, ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేసింది.

సెట్టులో నిబంధన.. ఇంట్లో?

బాల నటుల కోసం కేంద్రం 2017లో నిబంధనలు సవరించింది. చిత్రీకరణకు జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తప్పనిసరి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించరాదు. విరామం లేకుండా 3 గంటలు దాటరాదు. సంపాదనలో కనీసం 20 శాతం బిడ్డ పేరిట బ్యాంకులో డిపాజిట్ చేయాలి. కాగా కన్నవారు సరదాగా తీసి పంచుకునే వీడియోకు వారి విచక్షణే హద్దు. పాఠశాల పేరు, యూనిఫాం, ఇంటి ఆనవాళ్లు అందులో కనిపించకుండా చూడటం వారి బాధ్యతే.

తొండిని పట్టే నేర్పు

మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోరాదని, 3 గంటలైనా శరీరం కదిలేలా ఆడుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. 3 నుంచి 8 ఏళ్ల వారికి ఆటపాటల ద్వారానే బోధన సాగాలని 2020 జాతీయ విద్యా విధానం పేర్కొంది.

దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ల, ఏడుపెంకులాట పిల్లలకు లెక్కతో పాటు లోకజ్ఞానమూ నేర్పుతాయి. తన వంతు వచ్చేదాకా ఆగడం, ఓటమిని ఓర్చుకోవడం, ఇష్టం లేకుంటే ‘నేను ఆడను’ అనడం అక్కడే అలవడుతుంది. ఎవరైనా తొండి చేస్తే పసిగట్టి, పెద్దలకు చెప్పడమూ అక్కడి పాఠమే. అంతర్జాలంలో బిడ్డను కాపాడేదీ ఈ నేర్పే. ‘ఇది మనిద్దరి రహస్యం, అమ్మకు చెప్పకు’ అంటూ అపరిచితుడు పలకరిస్తే అది తొండి అని గుర్తించగలగాలి. తెర ముందు ఒంటరిగా పెరిగే పసివారికి ఈ సాధన కొరవడుతుంది.

బస్తీల ఇరుకు సందుల్లోనైనా, అపార్టుమెంటు సెల్లార్లలోనైనా సాయంత్రం ఓ గంట ఈడు పిల్లలతో కలవనివ్వడం ఖర్చు లేని రక్షణ. పెద్దలెవరో ఒకరు కనుచూపు మేరలో ఉంటే చాలు.

ఇవి పాటించాలి

* ఫోను నలుగురూ తిరిగే గదిలోనే, పెద్దల పక్కన కూర్చుని చూడనివ్వాలి.
* ఒకదాని వెంట ఒకటి వీడియోలు వాటంతటవే వచ్చే సదుపాయాన్ని ఆపివేయాలి.
* భోజనం, నిద్ర వేళల్లో ఫోను దూరంగా ఉంచాలి.
* బిడ్డ భయపడి ఏదైనా చెబితే మందలించరాదు. తిడితే మరోసారి నోరు విప్పడు.
* వేధింపు ఎదురైతే ఆధారాలు చెరిపివేయకుండా సైబర్ నేరాల సహాయ కేంద్రం 1930కి, బాలల సహాయ కేంద్రం 1098కి ఫోన్ చేయాలి.