తల కదిపాక కఫ్ మళ్లీ చూడాలి

"కోసింది మెడ మీద గదా సిస్టరమ్మా, మింగుతుంటే లోపల మంట దేనికి?" థైరాయిడ్ ఆపరేషన్ అయిన మరునాడు ఒకామె మమ్మల్ని అడిగింది. గొంతు కూడా బొంగురుపోయింది. "రెండు రోజుల్లో తగ్గుతుందమ్మా" అని ఎప్పటి జవాబే చెప్పి వచ్చాము గాని, ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు.

పూర్తి మత్తు ఇచ్చినప్పుడు రోగి శ్వాసనాళంలోకి ఒక గొట్టం వేస్తారు. దాని చివర కఫ్ అనే చిన్న గాలి బుడగ ఉంటుంది. అది ఉబ్బి నాళం గోడకు ఆనుకుంటేనే మనం పంపే గాలి పక్కనుండి పోదు, కడుపులోనుండి పైకి వచ్చిన ద్రవం ఊపిరితిత్తుల్లోకి దిగదు. కఫ్‌లో ఒత్తిడి 20 నుండి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉండాలి. 30 దాటితే గోడలోని సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. గొంతు మంటకు, బొంగురుకు అదొక కారణం.

గొట్టం బిగించేటప్పుడు తల దాదాపు తిన్నగా ఉంటుంది. అసలు మార్పు తరువాత వస్తుంది. థైరాయిడ్‌కైతే భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాలుస్తాము, చెవి ఆపరేషన్‌కు పక్కకు తిప్పుతాము. గొట్టం పై భాగం మూతి దగ్గర ప్లాస్టరుతో అంటించి ఉంటుంది గనుక, గడ్డం పైకి లేస్తే లోపలి కొన పైకి జరుగుతుంది, గడ్డం ఛాతీ వైపు వంగితే కిందికి దిగుతుంది. సుమారు 2 సెంటీమీటర్ల కదలిక. కఫ్ గోడకు ఆనే తీరు మారి, ఎవరూ గాలి ఎక్కించకపోయినా ఒత్తిడి పెరగవచ్చు. నైట్రస్ ఆక్సైడ్ వాడితే అది కూడా మెల్లగా కఫ్‌లోకి చేరి ఇంకా పెంచుతుంది.

బయట వేలాడే బుడగను వేళ్లతో నొక్కి "సరిపోయింది" అనడం మా తరం అలవాటు. ఆ వేళ్లను మేము గట్టిగా నమ్మాము. ఒకరోజు తల వాల్చాక మీటరు పెట్టి చూస్తే 40 దాటి ఉంది!

ఇప్పుడు తల సర్దాక, గుడ్డలు కప్పకముందే, సిస్టరు మత్తు డాక్టరుగారికి మీటరు అందిస్తుంది. కప్పిన తరువాత గొట్టం చేతికి అందదు. చార్టులో రెండవ అంకెకు గడి గీశాము. చివర తల తిన్నగా తెచ్చినప్పుడు ఒత్తిడి తగ్గి గాలి కారవచ్చు గనుక అప్పుడూ చూస్తాము.

ఒక్క మాట. థైరాయిడ్ ఆపరేషన్ తరువాత గొంతు మారడానికి స్వరపేటిక నరం దెబ్బతినడమూ కారణం కావచ్చు. ప్రతి బొంగురునూ కఫ్ మీదికి నెట్టి ఊరుకోరాదు, డాక్టరుగారికి చూపించాలి.

ఆమెను కూడా చూపించాము. నరం బాగానే ఉంది. డిశ్చార్జి రోజున మంచం పక్కన కూర్చుని, ఆమె ప్రశ్నకు అసలు జవాబు చెప్పాము.