ఐర్లండు జనన పత్రములు - వంశనిర్ణయము

ఐర్లండు దేశమున వంశచరిత్రము నరయఁగోరువారికిఁ బ్రధానాధారము ప్రభుత్వపు జనన పుస్తకము. 1864వ సంవత్సరము జనవరి 1వ తేది మొదలు మతభేదము లేక ప్రతిశిశుజననమును దానియందు వ్రాయింపవలెనని శాసనము గలిగెను. 1922లో డబ్లిన్ నగరమున ఫోర్‌కోర్ట్సు ఆవరణమునందలి లేఖ్యశాల దగ్ధమైనప్పుడు 1821 మొదలు 1851 వఱకుఁ గల జనాభాలెక్కల పత్రములలో నధికభాగమును, ఐర్లండు చర్చి గ్రామపుస్తకములలో సగమునకుఁ బైగాను భస్మమయ్యెను. తరువాతి నాలుగు లెక్కల పత్రములను ప్రభుత్వమే యంతకుమున్ను నశింపఁజేసెను. జనన పుస్తకము వేఱొక కార్యాలయమునం దుండుటచే దక్కినది.

శిశువు పేరు, పుట్టిన తేది, స్థలము, తండ్రి పేరు, నివాసము, వృత్తి, తల్లి పేరు, తెలిపినవారి సంతకము అందుఁ గానవచ్చును. వీనికంటె విలువగలది తల్లి పుట్టినింటి పేరు. జాన్, మేరీ యనువారు ఊరూరను గలరు. తల్లిదండ్రుల యింటిపేరులు రెండును గూడినఁగాని యీ శిశు వా దంపతులదే యని తేలదు. అవి తెలిసినచో వారి వివాహపత్రము దొరకును. అందు వధూవరుల తండ్రుల పేరు లుండును గనుక వంశ మొకతరము మీఁదికిఁ బోవును. సూచికలలో తల్లి పుట్టినింటి పేరు 1903 నుండియే కలదు. అంతకుఁ బూర్వపువానికిఁ బత్రమునే చూడవలెను.

అయినను రాజముద్ర గల లేఖ్యమని యెల్ల విషయములను నమ్మరాదు. పెక్కు కుటుంబములలో దేవాలయ పుస్తకమునందు జ్ఞానస్నానము ముందును, ప్రభుత్వ పుస్తకమునందు జననము వెనుకను గానవచ్చును. పుట్టకమున్నే స్నాన మెట్లు? నియతకాలము మించి తెలిపినవారికి జుల్మానా యుండెను. దానికి వెఱచి తండ్రి పుట్టినదినమును ముందునకు జరిపి చెప్పుచుండెను. పురోహితునకుఁ జెప్పుటలో నట్టి భయము లేదు. కాథలికులు బిడ్డ పుట్టిన కొలఁదిదినములకే స్నానము చేయించుచుండిరి. కావున నిట్టి విరోధమునందు దేవాలయపు తేదియే గ్రాహ్యము. తెలిపినవాఁడు స్వప్రయోజనము గలవాఁడైనచో నాతని వాక్య మాప్తవాక్యము గాదుగదా. మొదటి యేండ్లలో నసలు వ్రాయింపఁబడని శిశువులును గలరు.

ఇంటిపేరుల వర్ణక్రమమును స్థిరము గాదు. వ్రాయనేరనివారు నిశానీ మాత్రమే చేసిరి, అక్షరము లుద్యోగివి. ఐరిష్ భాషలో ‘మాక్’ అనఁగాఁ గుమారుఁడు, ‘ఓ’ అనఁగాఁ బౌత్రుఁడు, తద్వంశ్యుఁడు. పౌత్రుఁడు మొదలుకొని గోత్రమనిన పాణిని మతమును ‘ఓ’ శబ్దము స్మరింపఁజేయును. అయితే మనకుఁ బ్రత్యయము పరమగును, వారి కది పూర్వమున నుండును. ఆంగ్లభాషా ప్రాబల్యమునఁ బలువు రా ‘ఓ’ను విడిచిరి, పందొమ్మిదవ శతాబ్దాంతమున స్వభాషాభిమానము ప్రబలినపిదప మరలఁ గొందఱు చేర్చుకొనిరి. అందుచేఁ దండ్రి సలివన్, కొడుకు ఓసలివన్ గానగును.

నూఱేండ్లు దాటిన జనన పత్రములను ఐర్లండు ప్రభుత్వము అంతర్జాలమున నుచితముగాఁ జూపుచున్నది. 1922 మొదలు ఉత్తర ఐర్లండునఁ బుట్టినవారి పత్రములు మాత్రము బెల్‌ఫాస్టు కార్యాలయమున వెదకవలెను. ఎచ్చట వెదకినను, ‘ఓ’ గల రూపమును లేని రూపమును రెంటినిఁ జూడవలయును.