దురద లేనివారూ మందు రాసుకోవాలి

ఇంట్లో ఒక పిల్లవాడికి గజ్జి లేస్తుంది. వేళ్ల సందుల్లో పొక్కులు, రాత్రంతా గోకుడు. తల్లి వాడికి మందు రాస్తుంది, తగ్గుతుంది. నెల తిరిగేసరికి మళ్లీ మొదలు. మందు మంచిది కాదంటారు. తప్పు మందుది కాదు.

గజ్జికి కారణం కంటికి సరిగా ఆనని పురుగు. ఆడపురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లను, పురుగు మలాన్ని పరాయి పదార్థంగా గుర్తించి శరీరం చేసే ఎదురుదాడే దురద. మొదటిసారి ఈ గుర్తింపుకు 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు ఒంట్లో పురుగు ఉన్నట్లు మనిషికి తెలియదు, కాని పక్కవారికి అంటుకుంటుంది.

ఇంగ్లండులోని షెఫీల్డులో 1941లో కెన్నెత్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వారిపై ఈ విషయం పరిశీలించడం మొదలుపెట్టాడు. మొదటిసారి పురుగు సోకిన వారికి నెల రోజుల దాకా దురద లేదు. నయమయ్యాక మళ్లీ సోకితే ఒక్క రోజులోనే దురద పుట్టింది. శరీరం పాత శత్రువును మరచిపోలేదు.

అందుకే దురద ఉన్నా లేకున్నా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు రాసుకోవాలి. పెర్మెత్రిన్ లేపనం మెడ నుంచి అరికాళ్ల వరకు పట్టించి, తెల్లవారాక స్నానం చేయాలి. వారం తరువాత మరోసారి రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయాలి. పసిబిడ్డలకు, గర్భిణులకు డాక్టరును అడిగి వాడాలి.

చచ్చిన పురుగులు చర్మంలో ఉన్నన్నాళ్లూ శరీరం పోరు ఆపదు. రెండు, మూడు వారాలు దురద మిగలవచ్చు. కంగారుపడి రోజూ మందు పులమరాదు. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపాలి.