పాలంపేట చెఱువుకట్టపై ఒక ప్రొద్దు



పాలంపేట రామప్పగుడిని చూచి వచ్చినవారిని ఏమి చూచితిరని అడిగినచో, నల్లరాతి నాట్యకత్తెలను గూర్చియు, నీటిపై తేలు ఇటుకలను గూర్చియు చెప్పుదురు. గుడికి సుమారొక కిలోమీటరు దూరమున నున్న చెఱువును గూర్చి చెప్పువారు తక్కువ. కారు దిగి, గుడిచుట్టు ఒకసారి తిరిగి, మరల కారెక్కువారికి అది కనబడనే కనబడదు. కాలినడకను పోవువారికే కనబడును. ఆ నడకను గూర్చియే ఈ ప్రొద్దు నాలుగు మాటలు చెప్పదలచితిని. ఎక్కవలసిన కొండ లేదు, దిగవలసిన లోయ లేదు. అరువదియేండ్లు దాటినవారు సయితము చేతికఱ్ఱ ఊతగా, ఆయాసము లేకుండ నడచి రావచ్చును.

మన పెద్దలు సప్తసంతానములని ఏడింటిని లెక్కించిరి గదా. కన్నకొడుకుతోపాటు చెఱువు, దేవాలయము, వనము, కృతి, నిక్షేపము, అగ్రహారము అనునవియు మనిషి వెనుక నిలుచు సంతానములే. వానిలో మూడు, అనగా గుడి, చెఱువు, వనము, పాలంపేటలో ఒకే పూట నడకలో ఎదురగును. కాకతీయులనాటి ప్రభువులకు ఈ మూడును వేరువేరు పనులు కావు. చెఱువు లేనిదే పంట లేదు. పంట లేనిదే గుడికి ధూపదీప నైవేద్యములు లేవు. అడవి నుండి దిగివచ్చు వాననీరు లేనిదే చెఱువే లేదు. ఈ సంబంధము పుస్తకములో చదివినప్పటికంటె కాళ్ళతో నడచినప్పుడే చక్కగా బోధపడును.

పాలంపేట నేటి ములుగు జిల్లాలో, వెంకటాపూర్ మండలమున నున్నది. ఓరుగల్లు నుండి ములుగు దాటి, జంగాలపల్లి కూడలిలో పెద్దబాట విడిచి లోపలికి పోవలెను. మొత్తము ప్రయాణము 70 కిలోమీటర్లకు లోపుగనే యుండును. తెల్లవారుజామున బయలుదేరినచో ఎండ ముదురకముందే గుడిముంగిట నుందురు.

గణపతిదేవ చక్రవర్తి సేనానియైన రేచర్ల రుద్రుడు ఈ రుద్రేశ్వరాలయమును కట్టించెను. గుడి ప్రాంగణములోని శాసనస్తంభము శకవర్షము 1135, అనగా క్రీ.శ. 1213 అని చెప్పుచున్నది. రామప్ప యనునది శిల్పి పేరని జనశ్రుతి. శాసనము చెప్పునది రుద్రుని పేరే. 2021 జూలై 25వ తేదీన యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చిరి. అప్పటినుండి జనసమ్మర్దము పెరిగినది. కనుకనే పెందలకడ పొండని చెప్పుచున్నాను.

గుడి నక్షత్రాకారముగల అరుగుపై నున్నది. గోడలు ఎఱ్ఱని ఇసుకరాయి. లోపలి స్తంభములును, వాకిండ్లకడ చూరు క్రింద నిలిచిన పండ్రెండు మదనికలును నల్లని గట్టిరాయి. ఆ రాతిని అద్దమువలె నునుపు చేసిరి. శిఖరమునకు మాత్రము రాయి వాడలేదు. సన్నని రంధ్రములతో నిండిన తేలికయిటుక వాడిరి. నీటిలో వేసిన అది తేలును. పునాది గోతిని ఇసుకతో నింపి, దానిమీద గుడి నిలిపిరని ఇంజనీర్లు చెప్పుదురు. మెత్తని పునాదిపై బరువు తగ్గింపవలెనన్న ఆలోచనకు ఆ యిటుక తగియున్నది. మండపములో నేల ఎగుడుదిగుడైనది, దూలములు కొన్ని పగిలినవి, అయినను కట్టడము కూలలేదు. అడుగు చూచుకొని నడువుడు.

ఇచ్చట ఒక మాట సరిదిద్దవలసియున్నది. ఈ నాట్యశిల్పములు జాయసేనాని నృత్తరత్నావళిని చూచి చెక్కినవని కొందఱు చెప్పుచుందురు. ఆ గ్రంథము 1253-54 ప్రాంతమున పుట్టినది. గుడి అంతకు నలువదియేండ్ల ముందటిది. ఆనాడు నేలపై ఆడుచుండిన ఆటనే శిల్పి రాతిలోను, జాయన శ్లోకములోను నిలిపిరనుట సమంజసము. నటరాజ రామకృష్ణగారు పేరిణి తాండవమును పునరుద్ధరించినపుడు ఆ గ్రంథమును, ఈ శిల్పములను రెంటిని ఆధారము చేసికొనిరి.

గుడి చూచుటకు ఒక గంట చాలును. ఇక చెఱువుదారి పట్టుదము.

బాట తిన్నగా, చదునుగా పోవును. ప్రక్కల పొలములు. కాలువలో నీరు పాఱుచున్న రోజులలో ఆ సవ్వడియే దారి చూపును. కట్ట యెదుట నిలిచినవారికి మొదట అది కట్టయని తోచదు, చిన్న గుట్టయనియే తోచును. సుమారు 2000 అడుగుల పొడవు, 56 అడుగుల ఎత్తుగల మట్టికట్ట యది. మీది కెక్కినంతనే ఆవలివైపు నీరు కన్నులనిండ పఱచుకొనియుండును. మూడువైపుల గుట్టలు, నాలుగవవైపు ఈ కట్ట. చెఱువు కట్టినవారి తెలివి యిందే యున్నది. వారు గుంట త్రవ్వలేదు. గుట్టల నడుమ నీరు జాఱిపోవు సందును కనిపెట్టి, దానిని మూసిరి. తక్కిన మూడు గోడలను భూమియే ఇచ్చినది.

చెఱువుల సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు. తూము, మత్తడి, శిఖము, ఆయకట్టు అను మాటలతోనే మీరు పెరిగినవారు. అయినను కట్టమీద నడచునపుడు కొన్నిటిని పనిగట్టుకొని చూడుడు. నీటివైపు వాలుమీద రాతికట్టు పఱచియుండును. గాలికి లేచిన అల ప్రతిదినము కట్టను కొట్టుచుండును గనుక, రాయి లేనిచో మట్టి కొంచెము కొంచెముగా కరగిపోవును. మత్తడిని కట్టకంటె తక్కువ ఎత్తున పెట్టుదురు. వరద వచ్చినపుడు నీరు కట్టమీదుగా పొర్లినచో మట్టికట్ట ఒక రాత్రిలో తెగును. మత్తడి మీదుగా పోయినచో హాని లేదు. కట్టకు శత్రువులు వరదకంటె చిన్నవియే యెక్కువ. ఎలుక, ఎండ్రకాయ, చెదపురుగు, కట్టపై తనంత మొలచిన చెట్టువేరు. చెట్టు బ్రదికియున్నంతకాలము వేరు మట్టిని పట్టుకొనును. అది చచ్చి కుళ్ళినపుడు వేరున్నచోట బొక్క యేర్పడి, నీరు ఆ దారి పట్టును. ఎనిమిదివందల యేండ్లుగా ఈ కట్ట నిలిచినదనగా, ఏటేట ఎవరో ఒకరు ఆ బొక్కలను వెదకి పూడ్చిరని అర్థము. వారి పేర్లు ఏ శాసనములోను లేవు. నేటి కాలమున దేవాదుల ఎత్తిపోతల పథకము వలన గోదావరి నీరును ఈ చెఱువును చేరుచున్నది. వానకై ఆకసమును చూచిన చెఱువు ఇపుడు నదికి చుట్టమైనది.

కట్టకు దాపునను చెఱువు పరిసరములలోను చిన్నచిన్న గుళ్ళు శిథిలములై యున్నవి. కొన్నిటిపై మఱ్ఱి, రావి మొలచినవి. పక్షి వేసిన విత్తు రాళ్ళసందున పడి, వేరు లావెక్కినకొలది రాతిని రాతినుండి విడదీయును. దీనికంటె బాధ కలిగించునది మరియొకటి కలదు. పాడుపడిన గుళ్ళ పానవట్టము క్రింద ధనమున్నదని త్రవ్వువారు మనదేశమున పెక్కుచోట్ల కలరు. నిక్షేపమును సప్తసంతానములలో ఒకటియని చెప్పుకొంటిమి. దానికై వెదకువాడు తక్కిన రెండింటిని, గుడిని, కట్టను, పాడుచేయుచున్నాడు. కాకతీయులు తమ ధనమును ఎక్కడ పెట్టిరో కట్టమీద నిలిచి చుట్టును చూచినవారికి తెలియును.

మీ యూరి చెఱువుకట్ట మీదను ఇట్టి రాళ్ళుండవచ్చును. ద్వారబంధము పైకమ్మిపై గజలక్ష్మి, కత్తి పట్టిన వీరగల్లు, నాగశిల, పైన సూర్యచంద్రులను చెక్కిన శాసనపు బండ వీనిని గుఱుతించుట కష్టము కాదు. ఒక యూరిలో శాసనపు రాతిపై బట్టలుదుకుచుండగా నేను చూచితిని. అక్షరములు సగము అరిగినవి. అడుగగా, నునుపుగా నున్నదని తెచ్చితిమనిరి. వారి తప్పు కాదు, చెప్పినవారు లేరు. అట్టి రాతికి సున్నము పూయవలదు, రంగు వేయవలదు, చోటు మార్పవలదు. పురావస్తు శాఖవారికి తెలియజేయుడు. భూమిలో దొరికిన నిధిని గూర్చి 1878నాటి చట్టము, పదిరూపాయలకు మించిన విలువ గలదైనచో కలెక్టరుకు తెలుపవలెనని చెప్పుచున్నది. ఈ సంగతి కుఱ్ఱవాండ్రకు పెద్దలు చెప్పిననే నాటుకొనును.

కట్ట దిగి గుట్టలవైపు పోయిన అడవి మొదలగును. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ. ఫాల్గుణమున మోదుగ ఆకు రాల్చి ఎఱ్ఱగా పూచును. చైత్రమున తెల్లవారుజామున ఇప్పపూవు రాలును, దాని తీపివాసన దూరమునకే తెలియును. ఆ వాసన ఎలుగుబంటికిని తెలియును. కనుక ఆ దినములలో చీకటిలో అడవి చొరవలదు, ఒంటరిగా అసలే వలదు. అంచువెంట పావుగంట నడచి, నీటివైపు తిరిగి కూర్చుండిన చాలును. నీటికాకి రెక్కలు విప్పి ఆరబెట్టుకొనును. లకుముకిపిట్ట బాణమువలె నీటిలోనికి దూకును.

కార్తికము నుండి మాఘము వఱకు ఈ నడకకు తగిన కాలము. చెఱువు నిండియుండును, ఎండ మెత్తగా నుండును. అయితే మేడారము జాతర జరుగు మాఘమున ఆ బాటలన్నియు జనముతో నిండును. నడకకై పోవువారు ఆ వారమును విడుచుట మంచిది. మత్తడి పొర్లుచున్నపుడు దానిపై కాలు పెట్టవలదు. పాచి పట్టిన రాయి పడుచువారినే పడద్రోయును. నీరు, రెండు అరటిపండ్లు వెంట నుంచుకొనుడు.

ఓపిక మిగిలినవారు మధ్యాహ్నము బండి మీద ఘనపురము కోటగుళ్ళకు పోవచ్చును. మట్టికోట లోపల ఇరువదికి మించిన గుళ్ళు, చిన్నవి పెద్దవి, చాలవఱకు శిథిలములు. జనము తక్కువ. అచ్చటను గణపతిదేవుని పేర ఒక చెఱువున్నది. ఆ కట్ట యెక్కునప్పటికి, రాతికట్టు ఎక్కడ, తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ అని మీ కన్నులు తమంత తామే వెదకును.